అక్క గుండెలో తలుపు

మా మరదలి బతుకంతా ఒక తలుపు చుట్టూ తిరిగింది. కంటికి ఆనే తలుపు కాదు. గుండె కణం గోడలో ఉప్పు రేణువులు వచ్చిపోయే సందు. అది తెరుచుకుంటే రవ్వంత కరెంటు పారుతుంది, మూసుకుంటే ఆగుతుంది. మా ఆవిడ గుండె ఉన్నట్టుండి గతి తప్పేది. నిలబడ్డ చోటే కుప్పకూలేది. ఆ అక్క కోసమే మరదలు ఈ పరిశోధనలోకి దిగింది.

గాజు గొట్టాన్ని వేడిచేసి, సాగదీసి, వెంట్రుకకన్నా సన్నగా తీసిన మొన ఆమె పనిముట్టు. మైక్రోస్కోపు కింద దాన్ని కణానికి ఆనించి, దానికి తగిలించిన రబ్బరు గొట్టం పెదాల మధ్య పెట్టుకుని మెల్లగా గాలి పీల్చేది. కణం గాజుకు అతుక్కుంటే, తలుపు కదిలినప్పుడల్లా ఆ కరెంటుకు స్పీకరు టిక్కుమనేది.

"పాలపీక నోట్లో పెట్టుకుని జీతం తీసుకునేది నువ్వొక్కదానివే" అని నేను ఏడిపించేవాణ్ణి.

"పుస్తకాలు నమిలి నువ్వు తీసుకోవట్లేదా బావా?" అనేది. నాది లైబ్రరీలో ఉద్యోగం.

ఎవరూ చూడని తలుపొకటి ఆమెకు దొరికింది. అక్క గుండెను గతి తప్పిస్తున్నది ఇదేనని నమ్మింది. మిగతా పరిశోధనశాలల్లో ఎవరికీ అది దొరకలేదు. "వాళ్ళకింకా చెయ్యి తిరగలేదు" అని కొట్టిపారేసింది. మా ఆవిడైతే కనబడ్డ డాక్టరుకల్లా చెప్పేది: "నా గుండె తలుపు మా చెల్లే కనిపెట్టింది. మందు కూడా అదే తెస్తుంది."

ఒక సాయంత్రం మరదల్ని ఇంటికి తీసుకెళ్దామని వెళ్ళి, ఆమె పనిగదిలో పుస్తకం తెరిచి కూర్చున్నాను. గాజు సామాను చూసే ముసలాయన, అందరికీ గాజుతాత, బల్ల తుడుస్తున్నాడు. స్పీకరు ఆగకుండా టిక్కుమంటోంది.

"ఇవాళ భలే పలుకుతోందమ్మా మీ తలుపు!"

మరదలు నవ్వుతూ మైక్రోస్కోపు మీదికి వంగింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. మొన కణాన్ని దాటిపోయి, గిన్నె అడుగున పరిచిన రబ్బరుకు ఆని ఉంది. కణం ఎక్కడో పక్కన పడి ఉంది.

గిన్నె కడిగింది. కణాలు లేకుండా వట్టి ఉప్పునీళ్ళు పోసి, కొత్త మొన రబ్బరుకు నొక్కింది. మళ్ళీ అదే టిక్, టిక్.

"గిన్నెలో ఏమీ లేదు తాతా."

"మరి పలికేదేంటమ్మా?"

"గాజు పక్క సందులోంచి కారే కరెంటు. అంతే."

కణానికి గాజు గట్టిగా అతుక్కోకపోయినా ఆ సందు అలాగే పలుకుతుంది. అప్పటిదాకా ఆమె విన్నదీ అదే కావచ్చు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పింది. మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"అయితే నా తలుపు?"

"ఉందో లేదో తెలీదక్కా."

"అందరికీ చెప్పేస్తావా?"

"చెప్పాలి. దాన్ని నమ్ముకుని మందు కోసం ఎంతమందో తంటాలు పడుతున్నారు."

"నేను పోయాక చెబితే ఏం పోయిందే?"

మరదలు మిగిలిన బట్టలు తీసుకుని మడతపెట్టింది. కానీ తర్వాత జరిగిన శాస్త్రవేత్తల సభలో నిలబడి చెప్పేసింది. పొగిడినవాళ్ళు ముఖం చాటేశారు. పనిగది లాక్కుని ఒక మూల చూపించారు. అవన్నీ ఆమె దిగమింగుకుంది. అక్క మాత్రం ఆ తర్వాత తలుపు ఊసెత్తలేదు. డాక్టర్లు అడిగినా గోడకేసి చూసేది.

ఆ ఏడే మా ఆవిడ పంపు దగ్గర పడిపోయి ఇక లేవలేదు. పరుగెత్తుకొచ్చిన మరదలు ముందు పంపు కట్టేసింది. తర్వాత తడినేల మీదే అక్క పక్కన కూలబడింది.

కొన్నాళ్ళకు మరదలు పనిచేసే ఆ మూలకు వెళ్ళాను. కణం ముట్టుకునే ముందు వట్టి గిన్నెలో మొన నొక్కి, తెర మీద కరెంటు గీత చూసుకుంటోంది. గది నిశ్శబ్దంగా ఉంది.

"స్పీకరేదీ?"

"తీసేయించాను."

"వినకుండా ఎలా?"

"విన్నది చాల్లే బావా" అని, రబ్బరు గొట్టం పెదాల మధ్య పెట్టుకుంది.