ఉత్త ఆవు అని రాయలేని తనుయి తాత

తనుయి తాతకి ఆవుని ఆవు అనడం చేతకాదు. పుల్లావు అంటాడు, బొల్లావు అంటాడు, తొలిచూలుది అంటాడు, ఎడమ కొమ్ము విరిగినప్పటినుంచి మనసు బాగాలేనిది అంటాడు. నలభై ఏళ్ళు కెన్యాలోని కప్సబెట్ ఊరి పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేశాడు మరి. ఎవరింట్లో టీ ఇచ్చినా ఒక గుక్క తాగి, ఇవి ఏ ఆవు పాలని ఆరా తీసేవాడు. చర్చిలో క్రిస్మస్ బొమ్మలు పెడితే బాలయేసుని వదిలేసి, వెనకున్న మట్టి ఆవుకి జ్వరం తగిలిందని పాస్టరుగారికి చెప్పాడు.

అలాంటి మనిషి, ఇంటర్నెట్‌లో ఆవుల్ని చూస్తే డబ్బులిస్తారట అని విని ఊరుకుంటాడా? పాలకేంద్రం మేడమీద కొత్తగా తెరిచిన కంప్యూటర్ల గదికి కోటు తొడుక్కుని మరీ వచ్చాడు. అదే పొద్దున జెరోప్ కూడా వచ్చింది.

జెరోప్‌కి అప్పుడు పందొమ్మిదేళ్ళు. తేయాకు తోటలోకి కోత యంత్రాలు వచ్చి ఆమె పని ఊడింది. ఇదీ దొరక్కపోతే ఎల్డొరెట్‌లో మేనమామ ఇంట జీతంలేని చాకిరీకి పోవాలి. ఖాళీగా ఉన్నది ఒక్కటే కంప్యూటరు. మూడు పరీక్షలు పెడతాను, ముందు ఎవరు నెగ్గితే కుర్చీ వాళ్ళదే అని గది చూసుకునే నవోమి చెప్పింది.

పని చిన్నదే. తెరమీద బొమ్మ వస్తుంది. అందులో ప్రతి ఆవు చుట్టూ గడి గీసి, కింద 'ఆవు' అని రాయాలి. ఎక్కడో దూరదేశంలో ఒక యంత్రం దాన్ని చూసి ఆవుల్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

మొదటి పరీక్షలో జెరోప్ పొదల చాటునున్న మూడు ఆవుల్ని వదిలేసింది. తాత ఒక్కదాన్నీ వదల్లేదు. కానీ ఒక గడి కింద 'మచ్చల పెయ్య, ఆరోనెల చూడి, నీళ్ళు పట్టించండి' అని రాశాడు. దూరదేశంవాళ్ళు తిప్పికొట్టారు. రెండో పరీక్షలో ఆమె ఒక ఆవుని వదిలేసింది. తాత కుంటుతున్న ఆవునొకదాన్ని పట్టుకుని, దాని యజమాని ఫోను నంబరు పంపమని రాశాడు.

నవోమి తలపట్టుకుంది. "తాతా, ఉత్త 'ఆవు' అని రాయి చాలు. కుర్చీ నీదే."

"నిన్నెవరైనా ఉత్త 'మనిషీ' అని పిలిస్తే పలుకుతావా, తల్లీ?" అన్నాడు తాత.

మూడో పరీక్షకి ముందు వారమంతా జెరోప్ పక్కన కూర్చుని బుర్ర తినేశాడు. ఆమె మౌసు కదిపితే చాలు, ఆగమనేవాడు. "ఆవుని వెతక్కు, నీడని వెతుకు. పొద చాటున ఆవు దాక్కుంటుంది గానీ దాని నీడ దాక్కోదు." ఆమెకి ఒళ్ళు మండేది. మండుతూనే నేర్చుకుంది. వారం తిరిగేసరికి కొమ్ము కొస కనిపించినా ఇట్టే పట్టేసేది.

మూడో పరీక్షలో ఆమె నెగ్గింది. తాత మాత్రం ఒక ముసలి ఆవుకి వంశావళి రాస్తూ కూర్చుని, సగం బొమ్మలు చూడనేలేదు. ఈ కొలువు తనకి అచ్చిరాదంటూ కోటు దులుపుకుని వెళ్ళిపోయాడు. మొండిపట్టుతో చేతికొచ్చిన పని పోగొట్టుకున్నాడే అని జెరోప్ చాలా బాధపడింది.

నెలాఖరుకి ఆమె ఫోనులో ఆరువందల యాభై షిల్లింగులు పడ్డాయి. ఆ సందేశం ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. చక్కెర పొట్లం కట్టించుకుని నేరుగా తాత ఇంటికి వెళ్ళింది.

గోడకి పశువుల టీకా చీటీ వేలాడుతోంది. వివరాలు రాయాల్సిన చోట ఎంత ఖాళీ ఉందో. అందులో తాత గుండ్రటి చేతిరాత, రెండే ముక్కలు: 'ఆవులు, నాలుగు.'

జెరోప్ చీటీ వంక చూసింది, తాత వంక చూసింది. "ఇలా కూడా రాయగలవన్నమాట, తాతా."

"అది... మా ఆవిడ రాసింది."

"నాకు చదువెప్పుడు చెప్పించారు మీరు?" అంది లోపల్నుంచి అవ్వ.

తాత గబగబా టీ కప్పు జెరోప్ చేతిలో పెట్టాడు. "చల్లారిపోతుంది, తాగు. ఇవి పుల్లావు పాలు. రెండో ఈతది. కాస్త కోపిష్టిది గానీ, మనసు మంచిది..."

తాత దాచుకున్నదాని నీడ చూసేసిన జెరోప్ నవ్వు ఆపుకుంటూ ఒక గుక్క తాగి, మిగతా మూడు ఆవుల సంగతి కూడా అడిగింది.