చెంగమ్మ పుస్తకంలో నేను రాసిన మాట

రిటైర్మెంటుకు నాలుగేళ్లు ఉందనగా, ఒక జూన్ నెల మొదటి వారంలో, కోవూరు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి నన్ను జిల్లాలోని ఒక ఏఆర్‌టీ కేంద్రానికి ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ప్రభుత్వం ఉచితంగా మందులిచ్చే చోటది. రోగి నెలకోసారి పాత డబ్బా తీసుకుని నా కిటికీ దగ్గరికి రావాలి. అందులో మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, నూటికి ఎన్ని వేసుకున్నారో నేను రాయాలి. తొంభై అయిదుకు తగ్గితే, మాత్రలు మానొద్దని నచ్చజెప్పే కౌన్సెలరు దగ్గరికి పంపాలి. ఆ లెక్క మా దగ్గరుండే కార్డులోనూ, రోగి ఇంటికి తీసుకెళ్లే చికిత్స పుస్తకంలోనూ ఎక్కుతుంది.

చెంగమ్మ, పోలయ్య భార్యాభర్తలు. పేర్లు మార్చాను. సముద్రం ఒడ్డున చేపలు పట్టే పల్లె వాళ్లది. ఇద్దరికీ ఒకే వారంలో హెచ్‌ఐవీ బయటపడింది. ఒకే రోజున ఒకే మందు మొదలుపెట్టారు. ఒంట్లో రోగాలతో పోరాడే సీడీ4 కణాలు ఇద్దరికీ దాదాపు ఒకేలా పెరిగాయి. పోలయ్య మళ్లీ పడవ ఎక్కాడు. చెంగమ్మకు మాత్రం ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు వాడి కోలుకుంది. ఏడాది తిరక్కుండానే మళ్లీ జ్వరం, మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ.

ఆ నెల వాళ్లతోపాటు అత్తగారూ వచ్చింది. కిటికీ దగ్గరే గొంతు పెంచింది.

"ఇవే మాత్రలు మింగి మావోడు వేటకు పోతా ఉండాడు. ఇదేమో మంచం దిగదు. మింగతా ఉంటే గదా సార్! యాడ పారేస్తా ఉండాదో!"

చెంగమ్మ డబ్బా నా ముందు పెట్టి, "లెక్క చూడండి సార్" అన్నది.

చూశాను. ఒక్క మాత్ర తేడా లేదు. అయినా నా అనుభవం వేరే చెప్పింది. కిటికీకి వచ్చే ముందు మిగిలిన మాత్రలు పారబోసి, ఖాళీ డబ్బా చూపించేవాళ్లు నాకు తెలుసు. ఒకే ఇంట్లో, ఒకే మందుతో ఒకరు బాగుండి ఇంకొకరు పదే పదే జబ్బు పడితే కారణం ఇంకేముంటుంది? ఆమె పుస్తకంలో నూటికి నూరు అని రాసి, దాని పక్కనే "మాత్రలు వేసుకుంటున్నది అనుమానమే" అని తెలుగులోనే రాశాను. అలాంటి మాట రాయడానికి అందులో గడి లేదు. మార్జిన్‌లో రాసి, ఆమెను కౌన్సెలరు దగ్గరికి పంపాను.

మరుసటి నెల చెంగమ్మ అన్నతో వచ్చింది. నా రాత చదివిన మర్నాడే పోలయ్య ఆమెను పుట్టింట్లో దింపి వెళ్లాడట. అయిదేళ్ల కూతుర్ని అత్తగారు తన దగ్గరే పెట్టుకుంది. ఇదంతా అన్న చెప్పాడు. చెంగమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది, కళ్లెత్తి నావైపు చూడలేదు.

గడ్డలోంచి సూదితో తీసిన నమూనాలో టీబీ ఉందని తేలింది. మెడికల్ ఆఫీసరు మేడం పుస్తకం తిరగేసి నన్ను పిలిపించారు. లెక్క సరిపోయినప్పుడు ఈ మాట ఎందుకు రాశారని అడిగారు. భర్త బాగున్నాడు కదా మేడం అన్నాను. ఆవిడ చెంగమ్మకు వైరల్ లోడ్ పరీక్ష రాశారు. రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే పరీక్ష అది. మాత్రలు మానేసిన మనిషి రక్తంలో వైరస్ దాగదు.

ఫలితం వచ్చింది. వైరస్ కొలతకు అందనంత తక్కువ. ఆమె మాత్రలన్నీ వేసుకుంది.

ఈలోగా మేడం చెంగమ్మ అన్నను కూర్చోబెట్టి వివరాలడిగారు. వాళ్ల నాన్నకు వయసులో ఉండగా టీబీ వచ్చింది. పెళ్లయి వేరే ఊళ్లో కాపురమున్న అక్కకూ వచ్చింది. ఇద్దరికీ హెచ్‌ఐవీ లేదు. హెచ్‌ఐవీ వల్ల అందరికీ రక్షణ తగ్గుతుందనీ, అయితే టీబీ క్రిమిని చుట్టుముట్టి కట్టడి చేసే శక్తి ఒక్కొక్కరి జన్యువుల్ని బట్టి కొంత మారుతుందనీ, అందుకే ఒకే సీడీ4 ఉన్న ఇద్దరికి ఒకే ముప్పు ఉండదనీ ఆవిడ నాకు చెప్పారు. "ఈమె జన్యువులు మనం పరీక్షించలేదు. ఇదే కారణమని నేను రాయను. మీరూ కారణం రాయకుండా ఉండాల్సింది" అన్నారు.

పోలయ్యనూ తల్లినీ పిలిపించమని నేనే అడిగాను. కౌన్సెలరు గదిలో వాళ్లిద్దరూ, చెంగమ్మ, మేడం, నేను. పరీక్ష కాగితం చూపించి, నేను రాసింది తప్పని చెప్పాను. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో రోగి ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

చెంగమ్మ నాన్నకూ అక్కకూ టీబీ వచ్చిందనీ, పుట్టుకతో వచ్చే ఒంటి తీరును బట్టి కొందరికి ఆ ముప్పు ఎక్కువ కావచ్చనీ మేడం చెప్పారు. అత్తగారు వెంటనే అడిగింది. "అంటే దాని పుట్టింటోళ్ల రక్తంలోనే ఉండాదా దోషం?"

ఒక నింద తీసేసి ఇంకో నింద చేతికిచ్చామా అనిపించింది నాకు. మేడం నెమ్మదిగా అన్నారు. "దోషం కాదమ్మా. మీ అబ్బాయికి టీబీ రాలేదంటే అది ఆయన గొప్పతనం కాదు గదా. ఈమెకు వచ్చిందంటే ఈమె తప్పూ కాదు. మందు వాడితే ఇదీ తగ్గుతుంది."

అప్పటిదాకా నేల చూస్తున్న పోలయ్య తలెత్తాడు.

"దినామూ అన్నం తిన్నాక అది మాత్ర ఏసుకునేటప్పుడు నీళ్లు నేనే ఇస్తాను సార్. గొంతు దిగేది నా కళ్లతో చూసినా. అయినా పుస్తకంలో రాసుండారు గదా, సదువుకున్నోళ్లు రాసినారంటే నిజమే అయ్యుంటాదని నమ్మినా."

చెంగమ్మ అతని వైపు చూసింది. "నీ కళ్లు నమ్మకపోతివే" అన్నది.

ఆ రోజు ఆమె పుట్టింటికే వెళ్లింది. పది రోజుల తర్వాత పోలయ్య కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి ఆమెను తీసుకెళ్లాడని అన్న ఫోన్‌లో చెప్పాడు. గడ్డ టీబీ తగ్గడానికి ఆర్నెల్లు పట్టింది. ఆ తర్వాత నేనున్నంత కాలం ఆమెకు మళ్లీ రాలేదు. నాతో మాత్రం ముక్తసరిగానే ఉండేది. డబ్బా నా చేతికిచ్చేది కాదు. మాత్రలు తనే బల్ల మీద పోసి, పైకి లెక్కపెట్టి, నేను అంకె వేసేదాకా చూసి, పుస్తకం తీసుకుని వెళ్లేది. నేనెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

నా తర్వాత ఆ కిటికీ దగ్గరికి వచ్చిన ఫార్మసిస్టుకు పని అప్పగించేటప్పుడు రెండు విషయాలు చెప్పాను. మాత్రల లెక్క సరిగా ఉండీ జబ్బు చేస్తే ఆ మనిషిని కౌన్సెలరు దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి పంపాలి. పుస్తకంలో లెక్క మాత్రమే రాయాలి, ఎందుకంటే అక్కడ మనం రాసే అనుమానాన్ని ఇంట్లోవాళ్లు రుజువుగా చదువుతారు.