బోణీ ఓడ

మా ఆయన వెంకటరత్నం గారికి నీళ్ళంటే భయం. నరసాపురం రేవు పక్కనే పుట్టారు, రేవు పక్కనే కిరాణా కొట్టు నడుపుతున్నారు, యాభై దాటాయి. ఇప్పటికీ గోదారి దాటడానికి పంటు ఎక్కితే అవతలి ఒడ్డు వచ్చేదాకా కమ్మీ వదలరు. అలాంటి మహానుభావుడు ఈ మధ్య సముద్రాల మీద యుద్ధాలు చేస్తున్నారు. నవ్వకండి. మీ వంతు కూడా కలిపి నేనే నవ్వేశాను.

ఇదంతా మా అమ్మాయి పూజిత నిర్వాకం. భీమవరంలో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకొచ్చి, కొట్లో బిల్లులు కొట్టే కంప్యూటర్లో ఏదో ఆట ఎక్కించింది. పాతకాలపు రాజ్యాలు, తెరచాపల ఓడలు, ఫిరంగులు. పంటు అవతలి ఒడ్డున ఉన్నంతసేపూ మా కొట్టుకి మనుషులు రారు. ఆ ఖాళీలో ఆయన ఈగలు తోలుకుంటూ కూర్చునేవారు. ఒకరోజు, "ఏంటమ్మా అది? ఇటు జరుగు, చూద్దాం," అన్నారు. అంతే. ఆ మౌసు మళ్ళీ పిల్లకి దక్కలేదు.

పక్కన కూర్చుని చూసీ చూసీ నాకూ యుద్ధవిద్య వచ్చేసింది. ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. గాలి మన వెనకనుంచి వస్తుంటే ఎప్పుడు మీద పడాలో, ఎప్పుడు తప్పుకోవాలో మన ఇష్టం. ఎదురుగాలిలో చిక్కుకున్నవాడు ఎంత పెద్ద ఓడ వేసుకొచ్చినా దేకాల్సిందే. దూరంగా ఉండగానే గొలుసు గుండ్లు వేసి వాడి తెరచాపలు చించెయ్యాలి. కదల్లేని ఓడకి వెనకవైపు చేరాలి. అక్కడ ఫిరంగులు తక్కువ, చెక్క పల్చన. దగ్గరయ్యాక చిన్న గుండ్లు కుమ్మరించి మనుషుల్ని తగ్గించి, మన ఓడని ఆనించి ఎక్కెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, పెద్ద ఓడలు ఒకదాని వెనక ఒకటి వరసలో ఉండాలి. వరస చెదిరిందా, ఇక ఇంటికి పోవడమే.

ఇంకో సంగతి. మా ఆయన ఏ ఓడనీ ముంచరు. "ముంచితే ఏం లాభమే? సరుకూ పోయె, ఓడా పోయె. పట్టుకుంటే రెండూ మనవే కదా," అంటారు. ఇది మా మామగారి పెంపకం. బస్తా విప్పేటప్పుడు ఆయన కత్తి ముట్టుకోనిచ్చేవారు కాదు. కుట్టులో దారం కొస దొరికేదాకా వెతికి లాగాల్సిందే, గోనె పాడవకూడదు. కొడుకులిద్దరికీ ఆ బుద్ధే అబ్బింది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆయన కొంప ముంచేది బోణీ. మా కొట్లో పొద్దున్నే మొదటి బేరం పడందే ఏ పనీ మొదలవదు. మొదటి బేరాన్ని కాదనకూడదు. అది అగ్గిపెట్టె అయినా సరే, డబ్బు కళ్ళకద్దుకోవాలి. బోణీ పడకుండా అరువు మాత్రం ఇవ్వకూడదు. సముద్రం మీద కూడా ఇదే చాదస్తం! యుద్ధం మొదలవగానే అవతలివాడి ఓడల్లో అన్నిటికంటే చిన్న పడవ ఎక్కడుందో వెతుకుతారు. దాన్ని పట్టుకునేదాకా పెద్ద ఓడల జోలికి పోరు. దానికోసం చక్కటి వరస చెడగొట్టుకుని, గాలి పోగొట్టుకుని, శత్రువు మధ్యలోకి దూరిపోతారు.

"నాన్నా, వరస! వరస పోతోంది నాన్నా!" అని పూజిత మొత్తుకుంటుంది.

"ఉండవే తల్లీ, బోణీ కానీ," అంటారీయన. ఆ తర్వాత అయ్యేది బోణీ కాదు, భజన.

ఈ బోణీకో కథ ఉంది. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో మా మరిది రమేష్ బాబు ఇంకా నిక్కర్లేసుకునే పిల్లాడు. ఒకసారి తుఫాను పట్టి పంటు ఆగిపోయింది. రేవులో పిట్ట లేదు. మధ్యాహ్నమవుతున్నా బోణీ లేక మా ఆయన మొహం వేలాడేసుకుని కూర్చున్నారు. మా మరిది పెరటి గుమ్మంలోంచి బయటికెళ్ళి, గొడుగేసుకుని వీధంతా చుట్టి కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఏవండీ, కర్పూరం బిళ్ళలున్నాయా అండీ?" అని పెద్దమనిషిలా అడిగాడు. వాడు దాచుకున్న డబ్బులే. ఈయన నవ్వకుండా పొట్లం కట్టిచ్చి, ఆ డబ్బు కళ్ళకద్దుకున్నారు. లోపల మా మామగారు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

ఆ బోణీ దగ్గరే అన్నదమ్ములు విడిపోయారు. మామగారు పోయిన రెండో ఏడు, పొద్దున్నే ఒక హోటలాయన పెద్ద బేరం పట్టుకొచ్చాడు. డబ్బు సాయంత్రం ఇస్తానన్నాడు. "ఒక్క బోణీ పడనివ్వండి, కాసేపాగండి," అన్నారు మా ఆయన. హోటలాయనకి పౌరుషమొచ్చి ఎదురుకొట్టుకి పోయాడు. మా మరిదికి ఒళ్ళు మండింది. "బోణీ బోణీ అని కొట్టు ముంచేస్తున్నావు! నువ్వు కూర్చున్నంతకాలం ఇది బాగుపడదు," అని వీధిలో జనం వినేలా అరిచాడు. "అయితే బాగుపడే చోటే పెట్టుకో," అన్నారీయన. మా మరిది పెళ్ళాం పిల్లాడితో పెద్దాపురం వెళ్ళి కొట్టు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

ఒక్క తండ్రికి రెండు ఊళ్ళలో తద్దినం. మామగారు ఏ విస్తరి దగ్గరికి రావాలో పాపం ఆయనకే తెలియాలి. నాకు మండిపోయేది అక్కడే. ఈ ఏడు తిథి దగ్గరపడుతోంటే, "ఈసారైనా ఇద్దరూ ఒక్కచోట పెట్టండి," అన్నాను. "మాటన్నది వాడు. వాడు రానీ, చూద్దాం," అని కంచం ముందునుంచి లేచిపోయారు. అక్కడ నా తోడికోడలికి ఫోను చేస్తే, "బావగారు పిలిస్తే వెళతానంటున్నారక్కా," అంది. ఇద్దరూ ఇద్దరే! దొందూ దొందే!

పిల్లలకి మాత్రం ఈ పంతాల్లేవు. మరిది కొడుకు బన్నీ కాకినాడలో చదువుతున్నాడు, శని ఆదివారాలు ఇంటికొస్తాడు. పూజితా వాడూ కలిసి ఇంటర్నెట్టులో ఎదురెదురుగా ఆడే ఏర్పాటు చేశారు. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక పెదనాన్నకీ బన్నీకీ యుద్ధం. వాడు ఫోను చేసి "పెదనాన్నా, రెడీయా అండీ?" అంటాడు. ఈయన గాలి గురించి, ఫిరంగుల గురించి మాట్లాడతారు గానీ, మీ నాన్నెలా ఉన్నాడని పొరపాటున కూడా అడగరు. బన్నీ గాడికి పెదనాన్న బలహీనత తెలిసిపోయింది. చిన్న పడవని పెద్ద ఓడల వెనక దాచి ఎర వేస్తాడు. ఈయన లొట్టలేసుకుంటూ వెళ్ళి వల్లో పడతారు. ప్రతి వారమూ ఇదే తంతు.

తిథికి ముందొచ్చిన ఆదివారం బన్నీ ఫోను రాలేదు. తెర మీద మాత్రం యుద్ధం మొదలైంది. ఈయన ఓడల్ని వరసలో పెట్టారు, గాలి చూసుకున్నారు, అలవాటు కొద్దీ చిన్న పడవ కోసం వెతకబోయారు. వెతకక్కర్లేకపోయింది. అది తనంతట తానే ముందుకొస్తోంది, ఒంటరిగా.

"నాన్నా, ఎర! ముట్టుకోకు!" అంది పూజిత.

ఆయన తెర మీదకి వంగి చూశారు. ఎర అయితే వెనక పెద్ద ఓడలు పొంచి ఉండాలి. అవన్నీ తెరచాపలు దించుకుని ఎక్కడో దూరంగా ఆగి ఉన్నాయి. ఈ బుల్లి పడవొక్కటే ఫిరంగి పేల్చకుండా, పక్కకి తిరక్కుండా, తిన్నగా మా పెద్ద ఓడ ముందుకొచ్చి ఆగింది.

మా ఆయన మౌసు మీంచి చెయ్యి తీసేశారు. "ఇది బన్నీ ఆట కాదే," అన్నారు.

"మరెవరు?" అంది పూజిత.

"వాడు," అన్నారు.

పెరటి గుమ్మంలోంచి చుట్టి వచ్చిన ఆ గొడుగు నా కళ్ళ ముందు కదిలింది. ఈయన పంతం నాకు తెలియంది కాదు. ఇప్పుడు గనక పడవ మొహాన గుండు వేశారా, ఈ జన్మకి ఈ ఇళ్ళు కలవవు. దేవుడా, ఈ మనిషికి బుద్ధినివ్వు అనుకున్నాను.

"నేను పట్టుకోనా నాన్నా?" అని పూజిత చెయ్యి చాపింది.

"చెయ్యి తియ్యి. మొదటి బేరం నేనే చూడాలి," అన్నారు. ఒక్క గుండూ పేల్చకుండా పెద్ద ఓడని మెల్లగా తీసుకెళ్ళి పడవ పక్కన ఆనించారు. పడవ మాదైంది. కుడిచెయ్యి తెరకి తాకించి కళ్ళకద్దుకున్నారు. కళ్ళు తుడుచుకోవడం మేం చూడలేదనుకున్నారు గానీ, చూశాం.

తర్వాత బన్నీ నంబరుకి ఫోను కలిపి స్పీకర్లో పెట్టారు. అటు ఎత్తారు.

"బోణీ అయిందిరా," అన్నారు.

"అన్నయ్యా," అన్నాడు మా మరిది. "ఆ రోజు నోరు జారాను అన్నయ్యా."

"సర్లే. నేనూ ఏం తక్కువ తిన్లేదు. శుక్రవారం నాన్న తిథి. పొద్దున్నే వచ్చెయ్యండి, అందరూ. ఆలస్యమైతే మీ వదిన ఊరుకోదు."

నేను బావురుమన్నాను. సిగ్గేముంది, ఎన్నేళ్ళ ఏడుపో అది. పూజిత నా కొంగుతోనే తన కళ్ళు కూడా తుడుచుకుంది.

"మరి ఆట ఆపేద్దామా అన్నయ్యా?" అన్నాడు మా మరిది.

"అదేంట్రా! బోణీ అయ్యాక కొట్టు కట్టేస్తారా ఎవరైనా?" అన్నారు మా ఆయన, మౌసు అందుకుంటూ.

ఆ సాయంత్రం అవతలి ఒడ్డునుంచి పంటు రెండుసార్లు వచ్చి వెళ్ళింది. సరుకులు నేనే తూచాను. అన్నదమ్ములిద్దరూ చీకటిపడేదాకా ఒకరి ఓడలు ఒకరు పట్టుకుంటూనే ఉన్నారు. ఒక్కటీ మునగలేదు.