ఆఖరి చిప్ప

మా జహాజీ అన్న పోయాడన్న కబురు నాకు సింగటోకాలో అందింది. వంకాయ నారు కొనడానికి వెళ్ళాను. మా ఊరు నమాకా నుంచి వచ్చిన బండివాడు దిగకుండానే చెప్పాడు. నారు అక్కడే వదిలేసి నమాకా వచ్చేశాను. ఒకే ఓడలో వచ్చినవాళ్ళం గనుక ఆయన నాకు అన్న. తోడబుట్టినవాడికంటే ఎక్కువని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

గిర్మిట్ మీద, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద, చెరకు తోటలో పనిచేసిన రోజుల్లో, మా కూలి లైన్లలో ఆదివారం పంచాయతీకి ఆయనే పెద్ద. ఇక్కడి ఫిజీ ఊళ్ళను చూసి మేమూ యంగోనా అనే మత్తు వేరు దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరిచిప్పలో తాగడం నేర్చుకున్నాం. మొదటి చిప్ప పెద్దకు. తాగినవాడు తన మాట చెప్పాక చిప్ప పక్కవాడికి వెళ్తుంది.

ఒకసారి అందరం పని మానేద్దామనుకున్నాం. తెల్లారేసరికి మా పని మీద అజమాయిషీ చేసే కులంబర్ దొరకు తెలిసిపోయింది. ఆయన గుర్రానికి గడ్డి వేసేది నేను. అనుమానం నా మీద పడింది. అన్న మొదటి చిప్ప తాగి, "ఈడే సెప్పుంటాడు" అన్నాడు. తర్వాత తాగినవాళ్ళంతా "హాఁ, అంతే" అన్నారు. ఆ రోజు నుంచి నాకు నిప్పూ నీళ్ళూ బంద్. నా భార్య ఏటిదాకా పోయి నీళ్ళు మోసుకొచ్చేది.

నోరు జారింది అన్న సొంత తమ్ముడని తర్వాత దొర వంటవాడే అన్నతో చెప్పాడు. అన్న ఆ మాట కడుపులో దాచుకోవచ్చు. దాచుకోలేదు. తిన్నగా నా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు.

"తప్పు నాది తమ్ముడూ. ముందు తాగీసి, ముందు వాగీసినాను. నా మాట ఇన్నాక ఇంకెవుడికి నోరు లేస్తాది?"

మళ్ళీ పంచాయతీ పెట్టించి, మొదటి చిప్ప లైన్లకు కొత్తగా వచ్చిన ఒక ఆడమనిషికి ఇప్పించాడు. మగవాళ్ళు గొణిగారు. "ఆడోళ్ళకి యంగోనా ఏటి?"

"తాగకపోతే పక్కనెట్టీమను. మాట మాత్రం ముందు ఆ పిల్లదే."

అప్పుడు తాను చాప మీంచి లేచి, దూరంగా కట్టెల మోపు మీద కూర్చున్నాడు. సొంత తమ్ముడి తగువులో తనకు చాప మీద చోటు లేదన్నాడు. వానలు పడేదాకా తమ్ముడు నా ఇంటికి నీళ్ళు మొయ్యాలని తీర్పయింది. అందరూ అన్న మొహం చూశారు.

"నన్ను సూడకండి. మొయ్యమన్నారు, మోస్తాడు."

తమ్ముడికి జ్వరమొచ్చిన రోజున అన్నే బిందె భుజాన పెట్టుకొచ్చాడు. నా భార్య సిగ్గుపడి ఎదురెళ్ళినా ఇవ్వలేదు.

ఆ తర్వాత మా పంచాయతీలో ఆఖరి చిప్పే ఆయనది. అందులో అడుగు మడ్డి ఉంటుంది. మొహం చిట్లించుకుని తాగి, "పెద్దరికం రుసి ఇదేరా" అని నవ్వేవాడు. పక్క తోటలవాళ్ళు కూడా తగువులు మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఓడినవాడు తిట్టుకుంటూనే ఒప్పుకుని పోయేవాడు. మాలాంటి కూలివాళ్ళ మాటకు ఆ విలువ తెచ్చినవాడు మా అన్న. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఛాతీ పొంగుతుంది.

కర్మకాండ అయ్యాక పెద్దను ఎంచుకోవడానికి కూర్చున్నాం. ఆనాడు మొదట మాట్లాడిన ఆవిడే ఈసారీ మొదలుపెట్టింది. అందరి మాటా అయ్యాక ఆఖరి చిప్ప ముంచి నా ముందుకు చాపింది.

"ఇది నీదే అన్నయ్యా. అందరూ అదే అన్నారు."

అన్న తమ్ముడు లేచి, ఖాళీగా ఉన్న అన్న చోటు నాకు చూపించాడు. వెళ్ళి కూర్చున్నాను. చిప్పలో మడ్డి తిరుగుతోంది. మొహం చిట్లించుకుని తాగేశాను.