టులెట్ బోర్డూ కనకరత్నం గారి నోరూ

కనకరత్నం గారి నోరు ఊరుకోదు. ఊరుకోదంటే ఇంటింటికీ కబుర్లు మోస్తారని కాదు. ఎవరైనా ఇల్లు అద్దెకి చూడ్డానికి వస్తే చాలు, ఆ ఇంటి లోపాలన్నీ ఇంటాయన ఎదురుగానే చెప్పేస్తారు. అదీ, తానూ అదే ఇంట్లో అద్దెకుంటూ.

అమలాపురం బస్టాండు వెనక సందంతా అద్దె వాటాలే. రెండువేల మూడు నాటికి ఇళ్లు కట్టినవాళ్లు తలా ఓ మూల సర్దుకుని మిగతాదంతా అద్దెకిచ్చేశారు. చేరిందంతా కుర్రకారు. ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు, మందుల కంపెనీ రెప్పులు, కంప్యూటరు నేర్పేవాళ్లు, కొత్తగా పెళ్లయిన బ్యాంకు గుమాస్తాలు. సాయంత్రమైతే మెట్ల మీద నవ్వులు, ఏదో ఒక వాటాలోంచి మాడిన అన్నం వాసన. ఈ పిల్లకాయలకేం తెలుస్తుందిలే అని ఇంటాయనలు చెమ్మెక్కిన గోడకి సున్నం కొట్టి అద్దెకిచ్చేవారు.

ప్రభాకరరావు గారూ సున్నం మీదే నమ్మకం పెట్టుకున్న మనిషి. ఆయన ఇంట్లో ముందు వాటా కనకరత్నం గారిది. మిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు. పైకి ఎంత బాగున్నా, తిరగేసి లోపలి కుట్టు చూసుకుంటేగాని ఇవ్వరు. నచ్చకపోతే అక్కడికక్కడే విప్పేస్తారు, గుమ్మంలో పెళ్లికూతురు నిలబడి ఏడుస్తున్నా సరే. ఇంటినీ అలాగే తిరగేసి చూడాలన్నది ఆవిడ పట్టు.

మెళ్లో టేపుతోనే వచ్చి మొదలెడతారు. స్నానాల గదికి మేస్త్రీ వాటం పెట్టలేదు గనక నీళ్లు తూములోకి పోవు, మీతోపాటే గదిలోకొచ్చి మంచమెక్కుతాయి అంటారు. వంటింటి గోడకి వానాకాలంలో పుట్టగొడుగులు మొలుస్తాయి, కూరకి బజారెళ్లక్కర్లేదంటారు. వీధి తలుపు ఆషాఢంలో ఉబ్బిందంటే లోపలున్నవాళ్లు దసరాకే బయటికొస్తారంటారు.

"అంత పాడు కొంపైతే మీరెందుకున్నారండీ?" అని ప్రభాకరరావు గారు ఒకసారి పళ్లు కొరుకుతూ అడిగారు.

"నేను తెలిసి చేరేనండి అన్నయ్యగారూ. వాళ్లకి తెలియద్దా?" అన్నారావిడ.

కోపం పెరిగేకొద్దీ ఆవిడ మాటలో 'అండి'లూ 'గారు'లూ పెరుగుతాయి. 'అన్నయ్యగారూ' అన్నారంటే కొట్టడం ఒక్కటే తరవాయి.

ఖాళీ చేయించవచ్చు కదా అంటారేమో. ఆయన ప్రయత్నించారు. కాని వాళ్లావిడ బుజ్జమ్మ గారికి కనకరత్నం గారు కుట్టిన జాకెట్టు తప్ప ఒంటికి పట్టదు. ఆవిడ వెళ్లిన రోజే నేనూ పుట్టింటికి పోతానని బుజ్జమ్మ గారు తేల్చి చెప్పేశారు.

ఆ యేడు వానల్లో వెనక వాటా ఖాళీ అయింది. మామూలుగా అయితే కనకరత్నం గారు నాలుగు లోపాలు చెప్పి మిషను దగ్గరికి వెళ్లిపోతారు. వచ్చినవాళ్లు తలగోక్కుని ఎలాగోలా చేరతారు. ఈసారి మాత్రం ఆవిడ గేటు దాకా వెంటపడ్డారు. పాలు పొంగించడానికి మంచిరోజు అడుగుతున్న లెక్చరరు దంపతులతో, పాలు దేనికండీ, వాన పడితే ఇల్లే పొంగుతుంది అన్నారు. బ్యాంకాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చెమ్మగోడకి ఆనించారు. ఆయన తెల్లచొక్కా వీపున పచ్చటి మరకతో వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ప్రభాకరరావు గారికి అన్నం సహించడం మానేసింది. కార్తీకం వెళ్లింది. వాటా అలాగే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన స్వయంగా సుద్దముక్కతో బోర్డు మీద 'అద్దెకివ్వబడును' అని మళ్లీ దిద్ది గేటుకి కడుతున్నారు. అప్పుడొచ్చారు ఇద్దరు, చర్చి నుంచి నేరుగా. అమ్మాయి నర్సింగ్‌హోములో నర్సు. అబ్బాయి దగ్గర్లోనే ఉన్న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపుల పని చేసే కాంట్రాక్టరు దగ్గర వెల్డరు.

"పేర్లండీ?"

"బ్లెస్సీ అండి. మావారు హేమంత్."

బోర్డు కడుతున్న ప్రభాకరరావు గారి చెయ్యి ఆగింది.

ఆ సందులో ఇంటాయనలు 'మీరేవిట్లండీ' అని కులం అడుగుతారు. కొందరికి పేరు వింటే చాలు. ఎవరూ వద్దనరు, కసురుకోరు. 'అయ్యో, నిన్ననే ఇచ్చేశామండి' అని చల్లటి మజ్జిగ కూడా ఇచ్చి పంపుతారు. ఆ మజ్జిగ తాగినవాడికి తెలుస్తుంది, మర్యాద ఎంత మంటపెడుతుందో. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ జంట తాగింది ఆ మజ్జిగే. అమ్మాయి నర్సింగ్‌హోము డ్యూటీ గదిలో, అబ్బాయి కాంట్రాక్టరు షెడ్డులో. ఆదివారం కాపురం బస్టాండు బెంచీ మీద.

ప్రభాకరరావు గారూ నిన్ననే ఇచ్చేశామండి అనేవారే. కాని బోర్డు చేతిలోనే ఉంది, సుద్ద ఇంకా వేలికుంది. మరో దారి తోచక, ఇల్లు బాగుండదండీ అన్నారు. జీవితంలో మొదటిసారి.

అన్నాక ఆగలేకపోయారు. వంటింటి గోడ చెమ్మన్నారు. తలుపు పట్టదన్నారు. కనకరత్నం గారు టేపుతో బయటికొచ్చారు. ఆవిడను చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది.

"కనకరత్నం గారూ, మీరైనా చెప్పండి."

"ఏం చెప్పమంటారండి? ఇల్లు బంగారం."

పుట్టగొడుగులని మీరే కదండీ అన్నారాయన. నేనెప్పుడూ చూళ్లేదండీ అన్నారావిడ. స్నానాల గది సంగతి ఎత్తితే, నీళ్లు కాలవలా పోతాయన్నారు. ఆయనకి ఒళ్లు మండిపోయింది. అందరినీ స్నానాల గదికి తీసుకెళ్లి బిందెడు నీళ్లు గచ్చు మీద గుమ్మరించారు. నీళ్లు తూము వైపు చూడనైనా చూడకుండా తిన్నగా వచ్చి ఆయన పంచె తడిపేశాయి.

"చూసేరా? ఇప్పుడు చూసేరా?" అన్నారు గెలిచినవాడిలా.

ఆ అరుపులకి పై వాటాల కుర్రకారంతా మెట్ల మీదికి చేరింది. కనకరత్నం గారు పంచె వంక చూసి, "అయితే నేనిన్నాళ్లూ చెప్పింది నిజవేనన్నమాట అన్నయ్యగారూ," అన్నారు.

"ఆయ్. నిజవేనండి."

"వంటింటి గోడ?"

"చెమ్మేనండి."

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. బ్లెస్సీ నవ్వలేదు. మొగుడి వంక చూసింది, అతను తలూపాడు.

"పర్లేదండి సార్. మేం చేరతాం," అంది. "ఇప్పటిదాకా మమ్మల్ని ఏ ఇంటాయనా గుమ్మం దాటనివ్వలేదండి. మీరు లోపలికి తీసుకొచ్చి, ఉన్న లోపాలన్నీ మీరే చెప్పేరు. ఇంత నిజాయితీ గల మనిషిని ఈ ఊళ్లో చూళ్లేదు."

ఆ మాట ప్రభాకరరావు గారికి చెంపదెబ్బలా తగిలింది. పైగా ఆ పిల్ల మనస్ఫూర్తిగా అంటోంది.

"ఇంకేదైనా లోపం మిగిలిందాండి?" అన్నారు కనకరత్నం గారు మెల్లగా. "ఉంటే నోరు విప్పి అనండి. అందరం వింటాం."

మిగిలింది ఒక్కటే. అది నాలుక చివర దాకా వచ్చింది. ఆయన మెట్ల మీది మొహాలన్నీ చూశారు, బ్లెస్సీ మొహం చూశారు. ఇన్నేళ్లూ మజ్జిగతో మింగేసిన మాటను పైకి అనడానికి నోరు రాలేదు.

"లేదండి," అని తాళంచెవి తీసిచ్చారు.

సామానంటూ పెద్దగా లేదు, సాయంత్రానికే దిగిపోయారు. తడిపంచె ఆరకముందే బ్లెస్సీ నోటే ఆయనకి అసలు సంగతి తెలిసింది. వానల్లో నర్సు కోటు బిగువు చేయించుకోవడానికి వచ్చిన ఆ పిల్ల గోడు విని, వెనక వాటా నీ కోసం ఖాళీగానే ఉంచుతాను, వేరే ఎక్కడా అడక్కు అని కనకరత్నం గారు మాటిచ్చారట. ఆదివారం మధ్యాహ్నం ఆయన బోర్డు మళ్లీ కడతారు, సరిగ్గా అప్పుడే రమ్మని చెప్పిందీ ఆవిడేనట.

ఆయన ఊగిపోతూ ముందు వాటాకి వెళ్లారు. ఇది మోసం కాదుటండీ, వచ్చినవాళ్లందరికీ లేనిపోనివి చెప్పి తరిమేరని నిలదీశారు.

కనకరత్నం గారు మిషను ఆపలేదు.

"లేనిపోనివేంటండి? అన్నీ నిజవేనని ఇందాక మీరే ఒప్పుకున్నారు. అబద్ధం ఆడింది ఇందాకొక్కసారే, ఇల్లు బంగారమని. ఆ ఒక్కటీ మీరు నిజం చేసేస్తే నాకు పాపం అంటదు. రేపు పొద్దున్నే తాపీమేస్త్రీని పంపండి. వాటం దగ్గరుండి నేను చూసుకుంటాను."

ప్రభాకరరావు గారికి కోపం నషాళానికంటింది. తిట్టడానికే నోరు తెరిచారు. తీరా బయటికొచ్చింది మాత్రం ఒక్క మాటే.

"ఆయ్."