ఊరి లెక్కలో పడిన మా గల్లీ కామెర్లు

మా గల్లీలో మంచినీటి గొట్టం కొత్తగా వేశారని అందరూ చెప్పుకుంటున్నారు. ఎందుకు వేయవలసి వచ్చిందో అనుభవం మీద చెప్పగలవారు మాత్రం ఇక్కడ లేరు. సొంత ఇళ్లవాళ్లం మిగిలాం; ఎవరి జబ్బు వల్ల ఆ గొట్టం వచ్చిందో వాళ్లు వెళ్లిపోయారు. అందుకే, జ్ఞాపకం చెదరకముందే, జరిగిన క్రమంలో దీన్ని రాసిపెట్టడం నా విధి అనుకుంటున్నాను.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనుక. నేను కళాశాలలో గణాంకశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. పై వాటాలో పాలమూరు వైపు దంపతులు కిరాయికి ఉండేవారు. అతను బేగం బజార్‌లో హమాలీ. ఆమె అప్పటికి గర్భిణి. ఆ వానాకాలం నల్లా నీటికి మురుగు వాసన పట్టింది. మొదట అతనికి, తర్వాత చుట్టుపక్కల గదుల్లో మరికొందరికి కామెర్లు సోకాయి. గర్భిణులకు అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బని డాక్టరు హెచ్చరించడంతో, గొట్టం మార్చాలని కోరుతూ అర్జీ పట్టుకొని అబిడ్స్‌లోని మున్సిపల్ కార్యాలయానికి వెళ్లాను.

అక్కడి అధికారి మర్యాదస్తుడు. కంప్యూటర్ తెరను నా వైపు తిప్పాడు.

“సార్, మీ ఏరియా నుంచి కామెర్ల కేసు ఒక్కటి కూడా లేదు. డేటా లేకుండా నేను పైకి ఏమని రాయాలి?”

ఆ మాట నాకు అన్యాయంగా తోచలేదు. లెక్క లేనిదే నిర్ణయం కూడదని జీవితమంతా పాఠం చెప్పినవాణ్ని. ఇంటికి వచ్చి పై వాటా అతన్ని పిలిచాను.

“దవాఖానలో ఏ చిరునామా చెప్పినవయ్యా?”

“ఆధార్ కార్డు ఇచ్చిన సార్. అండ్ల మా ఊరిదే ఉన్నది.”

“ఇక్కడ ఉంటున్నానని చెప్పలేదా?”

“ఎవరడిగిన్రు సార్? కిరాయి ఇల్లు ఇయ్యాల ఉంటది, రేపు ఉండదు. ఊరు యాడికి పోతది?”

మెట్ల మీద కూర్చున్న అతని భార్య నవ్వింది.

“మొన్న ఊర్ల ఆశా వర్కరమ్మ మా అత్త తానికి వచ్చిందంట సార్. మీ ఇంట్ల కామెర్లున్నయంట, నీళ్లు మరగబెట్టుకొని తాగుండ్రి అని చెప్పిపోయిందంట. నీళ్లు తాగేది గీడ ఈయన, మరగబెట్టేది గాడ మా అత్త.”

నేనూ నవ్వాను. విచారిస్తే గల్లీలో కిరాయికున్న వారందరిదీ అదే పద్ధతి. జబ్బు నాంపల్లిలో పుట్టి, లెక్కలో తలా ఒక జిల్లాకు చెదిరిపోయింది.

ఇల్లిల్లూ తిరిగి, ఎక్కడ ఉంటూ ఎవరు జబ్బుపడ్డారో నమోదు చేయడానికి పూనుకున్నాను. పేరు రాస్తే గది ఖాళీ చేయిస్తారని చాలామంది నోరు విప్పలేదు. ఒక ఇంటి యజమాని నన్ను దారిలోనే ఆపాడు.

“పెద్దమనుషులు, మీరే మా ఇంటిని బద్నాం చేస్తరా సార్? ఇంక కిరాయికి ఎవడొస్తడు?”

చివరకు పై వాటా ఆవిడే నాతో వచ్చింది. “పేర్లు రాయడు సారు, గల్లీ రాస్తడు. జర చెప్పున్రి,” అని ఆడవాళ్లకు నచ్చజెప్పింది. అప్పుడు చెప్పారు.

ఆ వివరాలతో ఒక పటం గీసి, రెండు కోరికలు రాశాను. గొట్టం మార్చాలి. దవాఖాన చీటీలో రోగి ప్రస్తుతం ఉంటున్న చోటు కూడా రాయాలి. అధికారి శ్రద్ధగా చదివి పైకి పంపాడు. మంజూరుకు సమయం పట్టింది. మేము లెక్క కూడబెట్టినంత కాలమూ, ఆ కాగితం బల్లలు మారినంత కాలమూ, పై వాటా ఆవిడ ఆ నల్లా నీళ్లతోనే కాపురం చేసింది. తాగేవి మరగబెట్టేది, గిన్నెలు కడిగేది మాత్రం ఆ నీళ్లతోనే. ఆమె కళ్లు కూడా పచ్చబడ్డాయి. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

ఊరికి వెళ్లిపోయే రోజు ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

“నన్ను యాడ రాసినవ్ సార్, ఊర్లనా, గీడనా?”

“ఇక్కడే రాశానమ్మా,” అన్నాను. దవాఖాన చీటీలో మాత్రం ఊరి పేరే పడింది.

తర్వాత గొట్టం మారింది. రెండో కోరిక ఇంకా పరిశీలనలో ఉందంటున్నారు.

ఇదంతా జ్ఞాపకం మీద రాసినది. వరుసలో పొరపాట్లు ఉండవచ్చు. నాకు చెప్పుకోలేకపోయిన వారి జబ్బు నా పటంలోకి ఎక్కకపోయి ఉండవచ్చు. ఆ వానాకాలం మా గల్లీలో ఉన్నవారెవరైనా, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నా, ఇది చదివితే తప్పులు చూపండి. దిద్దుకుంటాను.