చెవితో ఎంచిన గ్రాఫిక్స్ కార్డు

మా మావయ్య ఏ యంత్రాన్నీ కళ్లతో చూసి కొనడు. చెవితో విని కొంటాడు. ముప్ఫై ఏళ్లు లిఫ్టు మెకానిక్‌గా పనిచేసినవాడు కదా, స్క్రూడ్రైవర్ మొనను యంత్రానికి తాకించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుంటాడు. మళ్లీ ఆ కళ్లు తెరుచుకునేదాకా షాపువాడి గుండె గుప్పిట్లో ఉంటుంది.

ఈ పద్ధతిలో ఏడు ఫ్రిజ్‌లను అవమానించి ఎనిమిదోదాన్ని ఇంటికి తెచ్చాడు. టిక్కుటిక్కుమన్న పాపానికి గోడ గడియారాన్ని పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు. షాపుల్లో ఉన్న మిక్సీలన్నీ విని, ఏ ఒక్కదానికీ మర్యాదగా మాట్లాడటం రాదని తేల్చి, మా పాతదాన్ని మేడ మీది మెట్లగదికి తరిమేశాడు. మేం ఏదైనా రుబ్బుకోవాలంటే గిన్నె పట్టుకుని రెండంతస్తులు ఎక్కాలి.

అలాంటి మనిషి చేతిలో నా బతుకు పడింది. ఆదివారం పదకొండింటికి గేమింగ్ జట్టు సెలక్షన్ మ్యాచ్. నా పాత లాప్‌టాప్‌లో శత్రువు కనపడేసరికి నేను చచ్చి అరనిమిషం అయ్యేది. డిగ్రీ పాసైతే కొత్త కంప్యూటర్ కొనిస్తానని మావయ్య మాటిచ్చాడు, నేను పాసయ్యాను. అన్నీ కొనేశాం. తెర మీద ఆట బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మిగిలింది. శనివారం ఉదయం, హాస్పిటల్లో నైట్ డ్యూటీ చేసొచ్చిన అమ్మ పడుకోగానే మేమిద్దరం బయల్దేరాం.

నాకు కావలసిన కార్డేదో మూడు నెలల ముందే తేల్చుకున్నాను. షాపతను కూడా అదే తీసి బల్ల మీద పెట్టాడు. నడిపించి చూపమన్నాడు మావయ్య. పెట్టె విప్పకూడదని రాసి ఉన్న బోర్డు చూపించాడతను. మావయ్య బోర్డంతా చదివి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గంట తర్వాత పెట్టె విప్పారు.

స్క్రూడ్రైవర్ బయటికొచ్చింది. షాపంతా నవ్వింది. నేను ఆయనెవరో తెలియనట్టు కీబోర్డుల వైపు నడిచాను.

"ఏడుస్తోంది," అన్నాడు మావయ్య.

"ఫ్యాన్లు తిరిగితే ఆ మాత్రం చప్పుడు ఉంటుంది సార్."

"ఫ్యాన్లు కాదు బాబూ. లోపల తీగచుట్ట కూస్తోంది. ఆట పెట్టి విను."

పెట్టాడు. చెవి దగ్గరపెట్టి విన్నాడు. దోమలా సన్నటి కూత. అతని నవ్వు ఆగిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడతాను, కార్డు కూస్తే నాకేంటి, కచేరీ చేస్తే నాకేంటి? పైకే అనేశాను. నాకేం కాదని మావయ్య కూడా ఒప్పుకుని, ఇంకోటి తీయమన్నాడు.

రెండోది గురక పెట్టింది. మూడోది ఈల వేసింది. నాలుగోది నోరెత్తలేదు గానీ ఆటను నత్తలా నడిపింది. అది మా అమ్మాయికి పనికిరాదని మావయ్యే పక్కకు నెట్టాడు. తర్వాత ఆయన స్క్రూడ్రైవర్ మూలనున్న ప్రదర్శన కంప్యూటర్ వైపు తిరిగింది. అది పొద్దుటి నుంచీ పెద్ద తెర మీద ఆట నడిపిస్తూ కూడా కిక్కురుమనలేదు. దాని లోపలి కార్డు ఇటుకంత మందం, మూడు పెద్ద ఫ్యాన్లు.

"ఇది కావాలి."

"అది అమ్మేది కాదు సార్."

"నేనూ కదిలేవాణ్ణి కాను."

మధ్యాహ్నం యజమాని వచ్చాడు. మావయ్యకు ఆయన వయసునీ, భోజనవేళనీ, చివరికి పోలీసులనీ గుర్తుచేశాడు. మావయ్య మూడూ శ్రద్ధగా విని, స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. సాయంత్రానికి కార్డు మా చేతికొచ్చింది. అమ్మ డ్యూటీకి వెళ్లాక, మా కంప్యూటర్ కేబినెట్‌లో పట్టకపోతే లోపలి రేకు ఒకటి విప్పేసి పట్టించాడు.

ఆదివారం పదకొండు కావస్తోంది. మాది ఒకే పెద్ద గది, నా బల్లకీ అమ్మ మంచానికీ మధ్య అడ్డం ఒక్క గుడ్డతెరే. డ్యూటీ నుంచి వచ్చి అప్పుడే నిద్రపోయింది అమ్మ. బటన్ మీద నా వేలు ఆగిపోయింది. మావయ్య కీబోర్డు కింద దుప్పటి మడత సర్ది, నొక్కమన్నాడు.

"అమ్మ లేస్తుందేమో మావయ్యా."

"రాత్రంతా వార్డులో ఎవరు బెల్లు నొక్కితే వాళ్ల దగ్గరికి పరిగెడుతుంది మీ అమ్మ. పగలు ఈ ఇంట్లో ఏ వస్తువూ దాన్ని పిలవకూడదమ్మా," అన్నాడు గుసగుసగా.

ఇన్నేళ్లలో ఈ మాట ఏ షాపువాడికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నవ్వినవాళ్లను నవ్వనిచ్చాడు. కీబోర్డుల వైపు నడిచిపోయినందుకు నాకు చాలా సిగ్గేసింది.

బటన్ నొక్కాను. రెండు గంటలపాటు నా చెవుల్లో తుపాకులు పేలాయి, గదిలో చీమ చిటుక్కుమనలేదు. జట్టులో నా పేరు చేరగానే అరవబోతే మావయ్య నా నోరు మూసేశాడు. ఇద్దరం మునివేళ్ల మీద గంతులేశాం.

మూడింటికి గుడ్డతెర అవతలి నుంచే అమ్మ ఆవులిస్తూ అడిగింది.

"ఇవాళ మ్యాచ్ అన్నావు కదే, ఆ కంప్యూటర్ ఇంకా పెట్టలేదా? ఏం అన్నయ్యా, షాపువాళ్లతో నీ గొడవ ఇంకా తేల్లేదా?"